జకర్యా గారి ముందు సున్నా అనకూడదు

జకర్యా గారికి ఇళ్ల తరఫున కోపం వచ్చేది. మనుషుల మీద మనుషులకు కోపం రావడం మామూలే. ఈయన మాత్రం ఎవరైనా ఒక పాత ఇంటిని చిన్నచూపు చూస్తే కన్నతల్లిని తిట్టినట్టు ఎర్రబడిపోయేవారు. 'పాత కొంప' అన్నా ఊరుకునేవారు కాదు. 'సున్నా' అన్నారంటే ఆ పూటకు పని ఆగిపోయినట్టే.

ఆయన వృత్తికి ఇది బొత్తిగా పనికిరాని గుణం. ఎందుకంటే ఆయన చేసేది ఇళ్లకు విలువ కట్టే పని. రైల్వే ఇంజనీరింగులో ముప్పై రెండేళ్లు పనిచేసి రిటైరై, మెట్టుగూడలో తన ఇంటి ముందుగదిలో ఆఫీసు పెట్టుకున్నారు. అప్పటికే నలభై దాటిన నేను ఆయన దగ్గర ప్లాన్లు గీసేవాణ్ణి, రిపోర్టులు టైపు చేసేవాణ్ణి, కొలతలప్పుడు టేపు రెండో కొస పట్టుకునేవాణ్ణి. ఆయన అలిగి వెళ్లిపోతే చెప్పులు పట్టుకుని వెంట పరుగెత్తడం కూడా నా పనే.

ఈ చెప్పుల సంగతి కొంచెం చెప్పాలి. ఎంత పాడుబడిన ఇల్లయినా సరే, ఆయన చెప్పులు విప్పి గాని లోపల అడుగు పెట్టేవారు కాదు. కోపం వస్తే మాత్రం దగ్గర్లో ఏ తలుపుంటే ఆ తలుపులోంచి బయటికి నడిచేవారు. అది పెరటి తలుపైతే చెప్పులు ఒక వీధిలో, ఆయన ఇంకో వీధిలో. ఒక మే నెల మధ్యాహ్నం సీతాఫల్‌మండిలో ఒక ఇంటి యజమాని, "పడగొట్టేదే గద సార్, జెర జల్దీ కానియ్యుండ్రి" అన్నాడు.

"పడగొట్టేవాడివి నన్నెందుకు పిలిచావయ్యా? గడ్డపారను పిలవాల్సింది" అని జకర్యా గారు వెనక గుమ్మంలోంచి వెళ్లిపోయారు. నేను చెప్పులతో చుట్టూ తిరిగి వెళ్లేసరికి కాలే తారు రోడ్డు మీద ఒక కాలు మార్చి ఒక కాలు మీద నిలబడి ఉన్నారు. అయినా నోరు ఆగలేదు. "ఆ వాసాలకు ఎక్కడైనా చెద కనిపించిందా జీవరాజూ? లేదు. చెద పట్టింది ఆ మనిషికి."

ఇంకోచోట టేకు తలుపులకు నీలం రంగు పూశారు. ఆయన ఆ ఇంటి యజమానిని దగ్గరికి పిలిచి, "మీ నాన్నగారి పెదాలకు ఎవరైనా లిప్‌స్టిక్ పూస్తే ఊరుకుంటారా?" అని అడిగారు. ఆ యజమాని చాలాసేపు ఆలోచించి, ఊరుకోనన్నాడు. "మరి ఈ తలుపు ఏం పాపం చేసింది?"

తొంభై ఆరులో కార్ఖానా అనే పేటలో రోసమ్మ గారి ఇంటికి వెళ్లాం. పన్నెండు వందల గజాల స్థలం, ముందొక వీధి, వెనకొక వీధి. ముందు వీధి దగ్గర బెంగుళూరు పెంకుల చిన్న ఇల్లు. మూడు గదులు, ఒక వరండా, అంతే. స్థలం తండ్రిది కాబట్టి ఆవిడకూ తమ్ముడు దేవానందానికీ చెరిసగం. ఇల్లు మాత్రం ఆవిడ టీచరు ఉద్యోగం చేస్తూ తన జీతంతో కట్టుకున్నది. బిల్డరు కామరాజు గారు మొత్తం స్థలం కొంటానన్నారు. ఇంటి విలువ ఎంత తేలితే అంతా అక్కకే ఇవ్వాలని దేవానందం ఒప్పుకున్నాడు. కామరాజు గారి ఇంజనీరు ఒక్క కాగితం మీద ఇంటి విలువ తేల్చేశాడు: సున్నా. అక్కకు అనుమానం లేకుండా ఇంకొకరి చేత కూడా రాయిద్దామని దేవానందం మమ్మల్ని పిలిచాడు.

రోసమ్మ గారు సన్నగా ఉంటారు. గట్టిగా మాట్లాడితే ఎవరికైనా దెబ్బ తగులుతుందేమో అన్నట్టు మెల్లగా మాట్లాడతారు. జకర్యా గారు మొదటే అడిగారు. "టీచర్ గారూ, అమ్మడం మీకు ఇష్టమేనా?"

"తమ్ముడు సరే అన్నాడు గదండీ."

"నేను అడిగింది తమ్ముణ్ణి కాదు."

"నేనూ సరే అన్నానండీ."

అంతలో కామరాజు గారి కారు గేటు ముందు ఆగింది. ఆయన దిగలేదు. అద్దం దించి, "ఇల్లు చూసేదేముందండీ, అది సున్నా. స్థలం కొలుచుకోండి చాలు" అన్నారు.

జకర్యా గారు టేపు చుట్టి నా చేతిలో పడేసి పెరటి తలుపులోంచి బయటికి నడిచారు. మామూలుగా అయితే పది అడుగుల్లో వీధి వచ్చేది. ఇక్కడ అలా కాదు. ఆయన నడిచారు, నడిచారు, ఇంకా నడిచారు. వెనక ప్రహరీ మాత్రం దగ్గర పడలేదు. పల్లేరుకాయలు మాత్రం దగ్గర పడ్డాయి. నేను చెప్పులు పట్టుకెళ్లేసరికి సగం దూరంలో ఒంటికాలి మీద ఆగిపోయి ఉన్నారు.

వరండాలో కూర్చోబెట్టి రోసమ్మ గారు పిన్నీసుతో ముళ్లు తీశారు. "తప్పు మాదేనండీ. పెరడు శుభ్రం చేయించలేదు."

"పొగరుగా నడిచింది నేను. మీరెందుకు క్షమాపణ చెబుతున్నారు?" అని ఆయన మండిపడ్డారు.

"అలవాటండీ. ఏమీ అనుకోకండి."

ఆయన అరికాలు ఆవిడ చేతిలో ఉంది కాబట్టి సరిపోయింది. లేకపోతే మళ్లీ లేచి వెళ్లిపోయేవారు.

మూడు రోజులు చూశాం ఆ ఇంటిని. సీతాఫల్‌మండి నుంచి బ్రహ్మచారి అనే వడ్రంగిని పిలిపించి కప్పు ఎక్కించారు. అతను పెంకుల మధ్యలోంచి తల బయటపెట్టి, "సార్, గిది అసలు బల్లార్షా టేకు. ఇప్పుడు గిట్లాంటిది ఏడ దొరుకుతది? సున్నా అన్నోన్ని జెర పైకి పంపుండ్రి, నేను సమజ్ చేస్తా" అన్నాడు. జకర్యా గారు అంత సంతోషంగా ఎవరి కోపాన్నీ విన్నట్టు నాకు గుర్తులేదు.

మూడో రోజు వరండాలో షాబాద్ బండల నేల చూస్తుంటే, రోసమ్మ గారు గుమ్మం పక్కన నిలబడి మెల్లగా చెప్పారు. "అవి నేనే పరిచానండీ. మేస్త్రీ సగంలో మానేసి పోయాడు. వేసవి సెలవుల్లో రోజుకు నాలుగు బండల చొప్పున పూర్తి చేశాను. వంకరగా ఉంటే ఏమీ అనుకోకండి."

జకర్యా గారు వంగి, వంపు ఉంటే పట్టిచ్చే లెవెల్ గొట్టం బండల మీద పెట్టారు. అందులోని బుడగ కదలకుండా మధ్యలో నిలబడింది. ఆవిడా చూశారు, నేనూ చూశాను. ఆయన కొలతల పుస్తకంలో ఏదో రాసుకున్నారు.

ఆయన రిపోర్టు ఇంగ్లీషులోనే రాసినా, ఇంటివాళ్ల కోసం తెలుగులో ఒక ప్రతి తప్పకుండా ఇచ్చేవారు. అది టైపు చేస్తుంటే ఒకచోట నా చెయ్యి ఆగింది. 'వరండా నేల: నాసిరకం పనితనం, వంకరటింకర' అని ఉంది. అడిగితే, "ఉన్నది ఉన్నట్టు టైపు చెయ్యవయ్యా" అని కసురుకున్నారు. ఆరోజంతా నాకు ఆయన మీద కోపంగానే ఉంది.

శనివారం ఆ కాగితాలు తీసుకుని వెళ్లాం. రోసమ్మ గారు కళ్లద్దాలు పెట్టుకుని చదివారు. మొదటి పేజీకి తల ఊపారు. రెండో పేజీకీ ఊపారు. మూడో పేజీలో తల ఆగిపోయింది.

"ఇదేమిటండీ?"

"ఏమిటి?"

"వంకరటింకర అని రాశారు."

"అయితే?"

"లెవెల్ పెట్టి చూసింది మీరే గదా. నా కళ్లముందే చూశారు. బుడగ మధ్యలో ఉంది."

"ఉండొచ్చు. మీరే అన్నారుగా, వంకరగా ఉంటే ఏమీ అనుకోకండని."

"నేను అంటే మీరు రాసేస్తారా?" ఆవిడ లేచి నిలబడ్డారు. ఈసారి గొంతు తగ్గలేదు. "ముప్పై నాలుగేళ్లు పిల్లల నోటుపుస్తకాలు దిద్దాను. చూసింది ఒకటి, రాసింది ఒకటి, ఇంత అన్యాయం ఒక్క పిల్లవాడూ చేయలేదు. పెన్ను తీయండి. దిద్దేదాకా ఇక్కణ్ణించి కదలొద్దు."

జకర్యా గారు పెన్ను తీశారు. ఊరందరినీ కేకలేసే మనిషి, తలవంచుకుని కొట్టివేసి, 'మొదటి తరగతి' అని రాశారు. ఆవిడ చూపించినచోట సంతకం కూడా పెట్టారు.

సోమవారం అందరూ ఆ వరండాలోనే కూర్చున్నారు. నేను ముందు జాగ్రత్తగా ఆయన చెప్పుల్ని పెరటి గుమ్మం దగ్గర పెట్టి వచ్చాను. కామరాజు గారు రిపోర్టు చేత్తో తూచి, "సున్నాకి ఇన్ని పేజీలా?" అని నవ్వారు.

నేను పెరటి తలుపు వైపు చూశాను. జకర్యా గారు కదల్లేదు. పైకప్పు వాసాలు లెక్కపెడుతున్నట్టు చూస్తూ కూర్చున్నారు. ఆయనకు ఒంట్లో బాగాలేదేమోనని భయం వేసింది.

"కామరాజు గారూ, లేవండి" అన్నారు రోసమ్మ గారు.

ఆయన అర్థంకాక లేచారు. టీచరు లెమ్మంటే ఎవరైనా లేస్తారు.

"ఈ నేల నేను పరిచాను. మీరు ఆనుకున్న గోడ నా జీతంతో లేచింది. సున్నాలో కూర్చోవడం మీకు కష్టంగా ఉంటుంది. మాట్లాడేది ఏదైనా ఉంటే గేటు బయట నిలబడి మాట్లాడండి." తర్వాత తమ్ముడి వైపు తిరిగారు. "దేవానందం, నీ సగం నువ్వు అమ్ముకో. నా సగంలో నా ఇల్లు ఉంటుంది."

"ముందే చెప్పొచ్చు గదక్కా."

"నన్ను అడిగావా?"

దేవానందం మంచివాడే. "అడగలేదు" అన్నాడు. కామరాజు గారు ఆ నెలలోనే వెనక వీధి వైపు ఆరు వందల గజాలు కొనుక్కుని సరిపెట్టుకున్నారు. ముందు వీధి వైపు ఇల్లు రోసమ్మ గారితోనే ఉండిపోయింది.

ఫైలు కట్టేస్తూ జకర్యా గారి కొలతల పుస్తకం తిరగేశాను. మూడో రోజు పేజీలో ఆయన చేతిరాతే ఉంది: 'వరండా నేల మొదటి తరగతి. ఇంత సమంగా పరిచిన బండలు రైల్వేలో కూడా చూడలేదు.'

"సార్, మీరు కావాలనే తప్పు రాశారు" అన్నాను.

ఆయన ముఖం ఎర్రబడింది. "నేనా? ముప్పై రెండేళ్ల సర్వీసులో ఒక్క తప్పు రాయలేదు నేను."

పుస్తకం తిప్పి చూపించాను. ఆయన దాన్ని లాక్కుని మూసేశారు. "మరేం చెయ్యమంటావయ్యా? ఆవిడకు ఇల్లు ఇవ్వాలని లేదు. కాదనడం రాదు. అందరి తరఫునా నేనొక్కణ్ణే ఎన్నాళ్లని కోప్పడను?"

వారం తిరిగేసరికి రోసమ్మ గారి దగ్గర్నుంచి ఆయన పేర కార్డు వచ్చింది. రిపోర్టు ఆరో పేజీలో రెండు అక్షరదోషాలు ఉన్నాయనీ, ఇలాంటి కాగితం మీద సంతకం పెట్టడానికి ఇంజనీరన్నవాడు సిగ్గుపడాలనీ, సరైన ప్రతి వెంటనే పంపమనీ రాశారు. జకర్యా గారు దాన్ని నాకు రెండుసార్లు చదివి వినిపించారు. తర్వాత పక్కింటివాళ్లకూ చదివి వినిపించారు.

"చూశావా జీవరాజూ, ఎంత బాగా తిట్టిందో" అన్నారు.

ఆ అక్షరదోషాలు టైపు చేసిన నావి. ఆయన ఆ రోజే క్షమాపణ చెబుతూ ఉత్తరం రాసి, తప్పంతా తనదేనని కింద సంతకం పెట్టారు.