నడిమి గీత

2020 సెప్టెంబరు. సూరత్‌లో మగ్గాలు సగం తెరుచుకున్నాయి, సగం మూతబడే ఉన్నాయి. నేను భూములు కొలిచే ప్రైవేట్ సర్వేయర్‌ని. మా నాన్న కరీంనగర్ వైపు నుంచి వచ్చి ఇక్కడ మగ్గం నడిపినవాడు. నాకు పోగుల పని అబ్బలేదు, గీతల పని అబ్బింది. లాక్‌డౌన్ నెలల్లో ఆ పనీ లేక, అడాజన్‌లోని ఫ్లాట్‌లో గోడల పొడవు వెడల్పులు కొలుస్తూ కూర్చున్నాను. మా ఆవిడ టేపు దాచేసింది.

అలాంటి రోజుల్లో రాజమల్లు అన్న ఫోన్ చేశాడు. మా నాన్న వైపు నుంచి వచ్చినవాడే, పన్నెండు మగ్గాల కార్ఖానా మూసుకుని కూర్చున్న మనిషి. తాపీ నది ఒడ్డున, సూరత్‌కు దూరంగా ఎగువన, ఒక గుజరాతీ రైతుకు టేకు చెట్ల జాగా ఉంది. దాన్ని అన్న కౌలుకు తీసుకున్నాడు.

"ఇండ్లల్ల ఉండి ఉండి జనాలకు పిచ్చి లేస్తున్నది తమ్మీ. మూడు టెంట్లు ఏస్త. చెట్లు, నీళ్లు, నెమళ్లు... రెండు దినాలు ఉండి పోతరు. జర నువ్వచ్చి ఏడ ఏసుకోవాల్నో కొలిచి చెప్పు."

వెళ్లి చూస్తే అన్న చెప్పింది తక్కువే అనిపించింది. టేకు చెట్లు నీటి అంచు దాకా దిగి ఉన్నాయి. ఒక పక్క గట్టులో నీటికుక్కల బొరియలు. అవి పిల్లలతో సహా నీళ్లలో దొర్లుతుంటే నేనూ, అన్నా పని మరిచి నిలబడిపోయాం. బొరియల దగ్గరకూ, పైనున్న గుబురు చెట్లలోకీ మనుషులు పోవద్దని రైతు గట్టిగా చెప్పాడట. ఇక మిగిలింది మధ్యలో ఉన్న ఒక చదును జాగా. నది పొంగితే నీళ్లు అంతదాకా వస్తాయా, రావా? నేను తేల్చాల్సింది అదొక్కటే.

దగ్గర్లో పాత పంపుహౌస్ గోడ మీద, ఇప్పటిదాకా వచ్చిన అన్ని వరదల్లోకీ పెద్దదాని గుర్తు ఉంది. ఎత్తు తెలిసిన అలాంటి గుర్తును మేం బెంచ్‌మార్క్ అంటాం. అక్కణ్ణుంచి లెవెల్ మెషీన్‌తో అంచెలంచెలుగా చదును జాగా దాకా ఎత్తు లెక్క తేవాలి. మెషీన్ కంటికి ఆనించి చూస్తే మూడు గీతలు కనిపిస్తాయి. ఎదురుగా నిలబెట్టిన స్టాఫ్ మీద, అంటే అంకెలున్న పొడుగు కర్ర మీద, ఆ మూడు గీతలూ ఎక్కడ పడ్డాయో చదవాలి. లెక్కకు వాడేది నడిమి గీత. పై గీతా, కింది గీతా కలిపి సగం చేస్తే నడిమి గీత రావాలి. నేను చదివింది పక్కనున్న బుకర్ గట్టిగా తిరిగి చెప్పి, రాసుకుని, ఈ సగం లెక్క అక్కడికక్కడే సరిచూస్తాడు.

నా బుకర్ మా బామ్మర్ది. మార్చిలో ఊరికి పోయినవాడు మళ్లీ రాలేదు. స్టాఫ్ రాజమల్లు అన్న పట్టుకున్నాడు. చదివిందీ నేనే, రాసిందీ నేనే. మూతికి మాస్కు, ఊపిరికి మసకబారే కళ్లద్దాలు, పైన మబ్బు. వాన వచ్చేలోగా ముగించాలన్న తొందరలో, తిరిగి బెంచ్‌మార్క్ దాకా కొలుచుకుంటూ వెళ్లి సరిచూసే పని ఎగ్గొట్టాను. చదును జాగా వరద గుర్తు కంటే ముప్పై సెంటీమీటర్లు పైన ఉందని తేలింది.

సామాను సర్దుతుంటే ఒక టేకు చెట్టు పంగలో, నా మోకాలికి కాస్త పైన, ఎండుగడ్డి ఇరుక్కుని కనిపించింది.

"ఇదేంది అన్నా?"

"మేకలోల్లు పెట్టిన్రేమో తియ్యి."

మేకలవాళ్లు చెట్టు పంగలో గడ్డి ఎందుకు పెడతారని నేను అడగలేదు. మెషీన్ చెప్పాక గడ్డి చెప్పేదేముందన్న పొగరు. ప్లాన్ గీసి ఇచ్చేశాను.

పది రోజులకు నాకు కరోనా వచ్చింది. ఒక గదిలో బందీనయ్యాను. మా ఆవిడ గుమ్మం దగ్గర కంచం పెట్టి తలుపు తట్టి పోయేది. శనివారం పొద్దున టీవీలో వార్త, పైన డ్యామ్‌లోకి నీళ్లు బాగా వస్తున్నాయి, గేట్లు ఎత్తుతారని. నాకేం భయం, మనవాళ్లు ముప్పై సెంటీమీటర్లు పైన ఉన్నారు కదా అనుకున్నాను. ఊసుపోక ఆ రోజు అంకెలు రాసుకున్న లెవెల్ బుక్ తెరిచాను.

నాలుగో అంచె దగ్గర చూపు ఆగిపోయింది. పై గీత 2.71. కింది గీత 2.53. నడిమి గీత 1.62.

అక్కడ ఉండాల్సింది 2.62. సరిగ్గా ఒక మీటరు తప్పు. చదును జాగా వరద గుర్తుకు ముప్పై సెంటీమీటర్లు పైన కాదు, డెబ్బై సెంటీమీటర్లు కింద ఉంది. అన్న భార్య లచ్చవ్వ వదిన రెండు రోజులుగా ఆరేళ్ల మనవరాలితో అక్కడే పడుకుంటోంది. ఆ సాయంత్రం మూడు కుటుంబాలు రాబోతున్నాయి.

ఫోన్ చేశాను. మోగింది, ఎత్తలేదు. మళ్లీ చేశాను. సిగ్నల్ అందదని అన్న ఫోన్‌ను ప్లాస్టిక్ సంచిలో పెట్టి చెట్టు కొమ్మకు వేలాడదీస్తాడని నాకు తెలుసు. అటుగా ఎవరైనా పోతే తప్ప వినపడదు. పోదామంటే గది దాటే వీల్లేదు. తాలూకా ఆఫీసుకు చేస్తే ఎవరూ ఎత్తలేదు. ఎన్నిసార్లు చేశానో గుర్తు లేదు. ఆ పాప ముఖం కళ్ల ముందు నుంచి పోలేదు. దేవుడా, నా ఒక్క అంకెకు ఆ పిల్లను బలి చేయకు అని పైకే అన్నాను.

ఒంటిగంట దాటాక వదిన ఎత్తింది. "ఎవలు?"

"వదినా, శంకర్‌ని. పాపను తీసుకుని ఇప్పుడే రోడ్డు మీదికి పో. నేను తప్పు కొలిచిన. నీళ్లొస్తయి."

"ఏంది తమ్మీ గట్లంటవ్? పొయ్యి మీద కూర ఉన్నది..."

"కూర పోనీ వదినా, నీ కాళ్లు మొక్కుత."

పాపను పిలుస్తున్న ఆమె కేక వినిపించింది. గంట తర్వాత అన్న చేశాడు, మండిపడుతూ. "దారిలున్న పార్టీలను వాపస్ పంపిన. మొదటి గిరాకీ! నువ్వే ఏసుకొమ్మంటివి, నువ్వే తియ్యమంటివి. గిదేం సర్వే?"

తిట్టించుకున్నాను.

ఆదివారం పొద్దున మళ్లీ అన్నే చేశాడు. గొంతు దిగిపోయింది. "నీళ్లచ్చినయ్ తమ్మీ. టెంట్లల్లకు అచ్చినయ్. మంచం కాళ్లు మునిగినయ్." ఫోన్ పెట్టేసి నేను తలుపుకు అవతల ఉన్న మా ఆవిడకు వినపడేలా ఏడ్చాను.

ఒళ్లు కుదుటపడ్డాక వెళ్లి మొదటి నుంచి కొలిచాను. బుకర్ లేడు కదా, నేను పక్కన కూర్చుంటానంది వదిన. ఆమెకు అంకెలొచ్చు, అంతకుమించి చదువు లేదు. నేను చదివిన ప్రతి అంకెనూ గట్టిగా తిరిగి చెప్పి, వేలితో తట్టి, రాయమనేది.

"నీకిది ఎట్ల తెలుసు వదినా?"

"మగ్గం అచ్చుల సందుల్లకెల్లి పోగులు తీసుడు ఒక్కరి పనా? ఇవుతల నుంచి ఒకలు అందియ్యాలె, అవుతల నుంచి ఒకలు గుంజాలె. ఒక్కదాన్నే కూసుంటే ఎన్నడు సక్కగ రాలే నాకు. నువ్వేంది, ఒక్కనివే కూసున్నవ్?"

నాన్న మగ్గం పక్కన పెరిగినవాణ్ణి. ఆ మాట నాకు ఒకరు చెప్పాల్సింది కాదు.

ఈసారి పంపుహౌస్ దాకా తిరిగి కొలిచి సరిచూసుకున్నాం. చదును జాగాలో, వరద తెచ్చిన గడ్డి ఇరుక్కున్న ఆ టేకు చెట్టు మీద, వరద గుర్తు ఎత్తున, ఎర్ర రంగుతో గీత గీశాను. చెట్టు పక్కనే పాప పడుకున్న నవారు మంచం ఇంకా ఉంది. గీత దానికి జానెడు పైన పడింది.

వదిన ఆ గీతనూ, మంచాన్నీ చాలాసేపు చూసింది. వంగి మంచం ఒక కొస పట్టుకుని, రెండో కొస పట్టమన్నట్టు నా వైపు చూసింది. ఇద్దరం దాన్ని రోడ్డు మీదికి మోసుకెళ్లాం.

రాజమల్లు అన్న ఆ తర్వాత టెంట్లు వేయలేదు. జనం పొద్దున వస్తారు, నీటికుక్కలను చూస్తారు, వదిన వంట తిని పొద్దుగూకక ముందే వెళ్లిపోతారు. మా బామ్మర్ది తిరిగొచ్చాడు. వాడు రాని రోజు నేను మెషీన్ పెట్టె తెరవను.