వెనకసందు తాళం

ఆ షాపింగ్ మాల్ గుమ్మంలో నిలబెట్టిన మెటల్ డిటెక్టర్ చెడిపోయి నాలుగేళ్లయింది. అయినా బీప్ మంటూనే ఉంటుంది. ఎందుకంటే, అది మూగబోయిన వారంలో కొనడానికొచ్చిన మహానుభావులంతా "ఇక్కడ సెక్యూరిటీ అన్నదే లేదు" అని గోలపెట్టారు. మేనేజరు మెకానిక్కుని పిలిపించి, ఎవరు దాటినా బీప్ మనేట్టు చేయించాడు. అంతే, జనం కడుపులో చల్ల కదలకుండా లోపలికి పోవడం మొదలుపెట్టారు. బీప్ మన్నాక తమనెవరూ ఆపలేదన్న సంగతి ఒక్కరి బుర్రకూ తట్టలేదు. పైగా అందరూ చదువుకున్నవాళ్లే!

ఆ గుమ్మం బయట, పక్కనే నిలబడి ఆడవాళ్ల సంచులు చూసే ఉద్యోగం తాళమత్తది. మొగుడు పోయిన ఏడాది నీలంచొక్కా తొడుక్కుని నిలబడింది, పదకొండేళ్లుగా నిలబడే ఉంది. కూతురు అదే మాల్ మూడో అంతస్తులో, బట్టల దుకాణం వెనకగదిలో, ప్యాంట్ల పొడవు తగ్గించే కుట్టుమిషన్ ముందు కూర్చుంటుంది. ఒక్కో సంచికి తాళమత్తకిచ్చిన టైము మూడు సెకన్లు. అంతలో దువ్వెన, టిఫిన్ డబ్బా తప్ప ఏం కనబడుతుంది? ఆ తంతు ఎంత బూటకమో ఆవిడకంటే బాగా ఎవరికీ తెలియదు. ఆవిడ భయమంతా వెనకమెట్ల తలుపు గురించే.

ప్రమాదం వస్తే దిగిపోవడానికి కట్టిన మెట్లవి. కిందతలుపు వెనకసందులోకి తెరుచుకుంటుంది. ఎవడో దొంగవెధవ రెండు షర్టులు చంకన పెట్టుకుని ఆ దారిన ఉడాయించాడని మేనేజరు దానికి సందువైపు నుంచి తాళం వేయించాడు. లోపలున్నవాళ్లు తల బాదుకున్నా తెరుచుకోదు. పైన పచ్చబోర్డు మీద పరుగెత్తే బొమ్మ మాత్రం వెలుగుతూనే ఉండేది, ఏ మొహం పెట్టుకునో!

ఆవిడ మొదటిసారి నోటితో చెప్పింది. రెండోసారి కాగితం రాసిచ్చింది. మూడోసారి నేరుగా మేనేజరు గదిలోకే వెళ్లింది.

"తలుపు తెరిచుంటే సరుకు పోతుంది. తాళం వేసుంటే ఏం పోతుంది?" అన్నాడాయన.

"మనుషులు పోతారు సార్."

"ఇన్నేళ్లలో ఒక్కరైనా పోయారా? చూపించు!" అని కాలు మీద కాలేసుకుని నవ్వాడు.

ఆ రోజే ఆవిడకు తాళమత్త అన్న పేరు పడింది. లిఫ్టువాడి దగ్గర్నుంచి ఊడ్చేవాళ్ల దాకా, "ఏం తాళమత్తా, తాళం క్షేమమేనా?" అని ఆటపట్టించేవారు. కన్నకూతురు కూడా "నలుగురిలో నా పరువు తీయకమ్మా" అని విసుక్కుంది. ఆవిడకు ఒళ్లు మండిపోయింది.

ఒక ఆదివారం పొద్దున డ్యూటీకి ముందు సందులోకి వెళ్లి, తుప్పుపట్టిన ఆ తాళాన్ని ఇటుకతో నాలుగు దెబ్బలు కొట్టి ఊడగొట్టింది. ఖాళీగా వదిలేస్తే సాయంత్రానికల్లా ఇంకోటి వేయిస్తారని తెలుసు. అందుకని అచ్చం అలాంటిదే తను కొనుక్కొచ్చి తగిలించింది. తాళంచెవి చొక్కా లోపల పిన్నీసుకు గుచ్చుకుంది. ఎవరైనా కనిపెడతారేమోనని నెల రోజులు బిక్కుబిక్కుమంటూ గడిపింది. రెండేళ్లయినా ఆ తలుపు దగ్గరికి ఎవరూ రాలేదు.

ఒక శనివారం మధ్యాహ్నం రెండో అంతస్తులో, పిల్లల చెప్పుల దుకాణం ముందు కట్టిన పెద్ద బెలూన్ టప్పున పేలింది. ఎవడో "బాంబు!" అని అరిచాడు. ఇంకేముంది, బీప్ విని ధీమాగా లోపలికెళ్లిన జనమే గొర్రెలమందలా ఆ బీప్ గుమ్మం మీదే పడ్డారు. ఒక్కరు పట్టే సందులో ఆరుగురు ఇరుక్కున్నారు. డిటెక్టర్ ఆపకుండా మోగుతూనే ఉంది. అందరికంటే ముందు బయటపడ్డది మేనేజరే. ఒక కాలికి బూటు కూడా లేదు.

తాళమత్త పైప్రాణాలు పైనే పోయాయి. ముందుదారి మూసుకుపోయింది, కూతురు మూడో అంతస్తులో ఉంది, పైవాళ్లంతా పచ్చబోర్డు నమ్ముకుని వెనకమెట్లే దిగుతారు. ఆవిడ మాల్ చుట్టూ తిరిగి సందువైపు పరుగెత్తింది. రోడ్డవతల భద్రంగా నిలబడ్డ మేనేజరు "పోస్టు వదిలేసి ఎక్కడికి?" అని కేకేశాడు. ఒంటిబూటు మీద నిలబడి, చూడండి ఆ బడాయి!

సందులో తలుపు దడదడలాడుతోంది. "తీయండి, ఊపిరాడటం లేదు!" అని లోపల ఏడుపులు. అందులో ఒక గొంతు తన పిల్లదే. తాళంచెవి రెండుసార్లు జారిపోయింది. మూడోసారి తిరిగింది. తలుపు తెరుచుకోగానే జనం ఒకరి మీద ఒకరు పడుతూ బయటికొచ్చారు. కూతురు ఆఖర్న, మెడలో కొలతల టేపుతో వచ్చి, తల్లిని వాటేసుకుని బావురుమంది.

సోమవారం మేనేజరు పిలిపించాడు. బల్ల మీద ఆవిడ తాళం, పక్కన ఆయనగారి తాళంచెవుల గుత్తి. గోడకు అప్పుడే అంటించిన పేపరు ముక్క: "వందలమందిని కాపాడిన యాజమాన్యం ముందుచూపు."

"ఈ తాళం మనది కాదు. ఎన్నాళ్ల నుంచి సాగుతోంది ఈ నాటకం?"

"రెండేళ్లు సార్. ఒక్కరోజైనా మీ తాళంచెవి అందులో పెట్టి చూసుంటే, మీకే తెలిసేది."

మేనేజరు మొహం మాడిపోయింది. "రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు."

"సరే. మరి ఆ తలుపు?"

"పొద్దున్నే కొత్త తాళం వేయించా. ఇటుకలకీ రాళ్లకీ పగిలేది కాదు."

ఆవిడ తిన్నగా మెట్లెక్కింది. మూడో అంతస్తుకు వెళ్లి కుట్టుమిషన్ స్విచ్చి ఆపేసింది.

"లే."

"అమ్మా, ప్యాంటు సగంలో ఉంది."

"ఉండనీ. లేవమన్నానా!"

ఈసారి కూతురు పరువు మాట ఎత్తలేదు. ఇద్దరూ కిందికి దిగి గుమ్మం దాటారు. రెండు బీపులు మోగాయి. లోపలికొస్తున్న జనం ఆ చప్పుడు విని, సంచులు తెరిచి పట్టుకుని, నిశ్చింతగా వరస కట్టారు.