గేటు బయట చిన్నమ్మ

మా చిన్నమ్మ పోయిందని మదనపల్లె ఆస్పత్రి నుంచి నర్సమ్మ ఫోను చేసినప్పుడు నేను పుంగనూరులో బడికి బయలుదేరుతున్నాను. ఏడవడానికి కాస్త తీరిక కూడా దొరకలేదు. చెప్పాల్సింది చెప్పి ఆ వెంటనే ఆమె అడిగింది, "బండి యాడికి పంపమంటారమ్మా?"

యాడికి? చిన్నమ్మ ఇంటికే అన్నాను. అని బస్సెక్కాను. నేను చేరేసరికి ఆస్పత్రి బండి ఆ వీధిలోనే ఉంది. కానీ గేటు వేసి ఉంది. లోపలివైపు ఓనరమ్మ నిలబడి ఉంది.

"తప్పుగా అనుకోవద్దు పాపా. ఆయమ్మ మంచి మనిషే, నేను కాదనను. కానీ లోపలికి మాత్రం తేవద్దండి. నక్షత్రం మంచిది కాదంట, అయ్యవారిని అడిగినాము. ఇల్లు నెలల తరబడి మూసిపెట్టాలంటే మేము యాడికి పోయేది?"

"ఆమె ఉన్న ఇల్లే కదమ్మా. బాడుగ కట్టిన ఇల్లే కదా."

"బాడుగకిచ్చేది బతికుండేవాళ్ళకమ్మా" అంది ఓనరమ్మ. గట్టిగా కాదు, బతిమాలుతున్నట్టే అంది. అందుకే ఆ మాట ఇంకా ఎక్కువ కోసింది.

పుంగనూరులో నాదీ బాడుగ ఇల్లే. అక్కడి ఓనరుకు ఫోను చేశాను. ఆయన ఇంకా మెత్తగా అదే మాట చెప్పాడు. మా అమ్మ లేదు, మేనమామ లేడు, వాళ్ళ ఇల్లు ఎప్పుడో అమ్ముడుపోయింది. కాబట్టి మా చిన్నమ్మను రోడ్డు మీదే దించాం. టీకొట్టు వాళ్ళు బల్ల ఇచ్చారు. ఎవరో షామియానా తెచ్చారు. ఎదురింటావిడ నీళ్ళు కాచి ఇచ్చింది. చిన్నమ్మ దగ్గర రవికలు కుట్టించుకునే ఆడవాళ్ళు చుట్టూ చీరలు పట్టుకుని నిలబడితే ఆ మరుగులో స్నానం చేయించాం. మోటారుసైకిళ్ళు హారను కొట్టుకుంటూ పక్కనుంచి పోతూనే ఉన్నాయి.

నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. అది ఇంకా దిగలేదు. ఈ నాలుగు మాటలూ ఆ కోపంలోనే రాస్తున్నాను. పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు ఉండాల్సిన నెమ్మది ఇందులో కనిపించకపోతే మన్నించండి.

ఆమె మా అమ్మకు చెల్లెలు. పెండ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగితే, "వాళ్ళకూ కుదర్లేదు, నాకూ కుదర్లేదు" అని నవ్వేసేది. మదనపల్లెలో రవికలు కుట్టి బతికింది. నేను డిగ్రీ చదివినన్నాళ్ళూ ఆమె దగ్గరే ఉన్నాను. ఈ రోజు నేను బడిలో బోర్డు ముందు నిలబడుతున్నానంటే ఆ కుట్టుమిషన్ చలవే.

ఆమె కొలతలు తీసుకునే తీరు నాకు ఇష్టం. టేపు చుట్టి చూసి, ఎవరినీ లావయ్యావనేది కాదు. "ఈసారి గుడ్డ కాస్త ఎక్కువ తీసుకురామ్మా, ఈ షాపోళ్ళు పన్నా తగ్గించేసినారు" అనేది. తప్పంతా షాపు మీదికి తోసేది. కత్తిరింపులో మిగిలిన గుడ్డముక్కల్ని, వేలెడంత పీలికనైనా, రవికకే గుండుసూదితో గుచ్చి ఇచ్చేది. "నీ గుడ్డ నీకే. నాకెందుకు?"

ఆమెతో పాటు నేనూ చాలా బాడుగ ఇళ్ళు చూశాను. ఒక్కో ఇంటికి ఒక్కో నియమం. ఒక చోట గుడ్డు కూడా ఉడకెయ్యకూడదు. ఒక చోట పొద్దు గుంకాక చుట్టాలు రాకూడదు. ఒక చోట మిషను శబ్దం పైకి వినిపిస్తోందన్నారు. గోనెసంచులు మడిచి మిషను కాళ్ళ కింద పెట్టి, తొక్కుడు మీద పాదం ఆనీ ఆననట్టు పెట్టి కుట్టింది. అన్ని చోట్లా ఉన్న నియమం ఒకటే, గోడకు మేకు కొట్టకూడదు. మా తాత ఫోటో కిటికీ ఊచలకు తాడుతో వేలాడేది. గాలొస్తే తాత అటూ ఇటూ తిరిగేవాడు. "మీ తాతకు కూడా నిలకడ లేకుండా పోయింది సూడు" అనేది చిన్నమ్మ.

ఖాళీ చెయ్యమన్న రోజున మాత్రం ఆమెను చూడాలి. ఇల్లు ఊడ్చి, నీళ్ళు పోసి కడిగి, పొయ్యిగట్టు తుడిచి, తాళం ఇచ్చి వచ్చేది. వెళ్ళగొట్టిన వాళ్ళ ఇల్లు మనం కడిగేదేమిటని నేను అరిచేదాన్ని.

"వాళ్ళ కోసం కాదు పాపా. మన తరువాత ఇంకో ఆడమనిషి వస్తాది కదా. సామాను దించుకొని అలిసిపోయుంటాది. ఆయమ్మ యాల కడగాల?"

ఇంత చేసిన మనిషికి ఒక గది ఇవ్వడానికి ఈ లోకానికి చేతకాలేదు.

ప్రభుత్వం బాడుగకిచ్చే ఇళ్ళ గురించి మీలో కొందరికి తెలిసే ఉంటుంది. ఆ ఇల్లు మన సొంతం కాదు. కానీ బాడుగ తక్కువ, ఖాళీ చెయ్యమని గేటు దగ్గర నిలబడే ఓనరు ఉండడు. చిన్నమ్మకు కావలసింది అదే. "నాకు సొంతం వద్దు. లెయ్యి అనే మాట ఇనపడకుంటే సాలు" అనేది. మొదట్లో ఊరికొక దరఖాస్తు ఉండేది. మదనపల్లెలో అడిగితే, మీ రేషన్ కార్డు పుంగనూరులో మీ అన్న ఇంట్లో ఉంది, అక్కడ పెట్టుకోండి అన్నారు. పుంగనూరులో అడిగితే, మీరు ఉండేది మదనపల్లెలో కదా అన్నారు. ఆమె బస్సులో ఇటూ అటూ తిరుగుతుండగానే మా మేనమామ పోయాడు, కార్డు కూడా రద్దయింది.

తరువాత ఉమ్మడి జాబితా వచ్చింది. మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడూళ్ళకూ ఒకటే దరఖాస్తు. ఒక్కసారి పేరు రాయించుకుంటే చాలు, ఏ ఊళ్ళో ఇల్లు ఖాళీ అయినా వరుస ప్రకారం పిలుస్తామన్నారు. ఆ రోజు ఆమె నాకు ఫోను చేసి, "ఇంక బస్సు తిరుగుడు లేదు పాపా, మనమున్న చోటికే పిలుపు వస్తాది" అంది. గొంతులో అంత సంబరం నేను ఎప్పుడూ వినలేదు.

తోడుగా నేనూ ఇళ్ళ ఆఫీసుకు వెళ్ళాను. అది ఎక్కడుందో, ఆ కుర్చీలో ఎవరున్నారో రాయను. కుర్చీలో మనిషి మారినా మాట మారలేదు.

"కుటుంబ పెద్ద?" అని అడిగాడు కంప్యూటరు ముందున్నాయన.

"నేనే."

"భర్త పేరు?"

"లేడప్పా."

"లేడంటే చనిపోయారా, వదిలేశారా?"

"పెండ్లే కాలేదు."

ఆయన స్క్రీను మీద వెతికాడు. భర్త చనిపోయిన వాళ్ళకు ఒక గడి ఉంది, విడాకులైన వాళ్ళకు ఒకటి ఉంది. పెండ్లి కాని ఆమెకు ఒంటరి మహిళ అనే గడి ఉంది కానీ, దానికి సర్టిఫికెట్టు కావాలి. పెండ్లి కాలేదని ఇద్దరు సాక్షుల చేత సంతకం పెట్టించుకుని రావాలి.

మా చిన్నమ్మ జుట్టు అప్పటికే నెరిసింది. ఆ వరుసలో అంతమంది ముందు ఆమె ఆయన్ను అడిగింది.

"పెండ్లయితే సాక్షులు ఉంటారు గానీ, కాని పెండ్లికి సాక్షులు యాడుంటారప్పా?"

వెనుక ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన మాత్రం నవ్వలేదు. "రూలమ్మా" అన్నాడు. చిన్నమ్మ సాక్షులను తీసుకొచ్చింది. ఇద్దరూ ఆమె దగ్గర రవికలు కుట్టించుకునే వాళ్ళే. ఒకామె సంతకం పెడుతూ ఏడ్చింది. "నాకే లేదు ఏడుపు, నీకు యాల?" అంది చిన్నమ్మ. కానీ ఆ సాయంత్రం మిషను ముందు కూర్చుని దారం ఎక్కించలేకపోయింది. సూది నాకు ఇచ్చి ఎక్కించమంది. చూపు తగ్గి కాదు.

పేరు ఎక్కింది. వరుస నెంబరు వచ్చింది. చాలాకాలం గడిచాక పిలుపూ వచ్చింది, కుప్పం నుంచి. వారంలోగా వచ్చి చూసుకుని ఒప్పుకోవాలన్నారు.

కుప్పం ఎక్కడ, మదనపల్లె ఎక్కడ! పలమనేరు మీదుగా బస్సులు మారి వెళ్ళాం. దారంతా నేను వద్దనే చెబుతూ వచ్చాను. నీ గిరాకీ అంతా మదనపల్లెలో ఉంది, ఆస్పత్రి మందులూ అక్కడే, కొత్త ఊళ్ళో నీకెవరు తెలుసు అని.

"కుప్పంలో ఆడోళ్ళు రవికలు తొడుక్కోరా?" అంది.

రెండో అంతస్తు. ఒక గది, వంటిల్లు, చిన్న వసారా. అక్కడి నుంచి చూస్తే రైలు పట్టాలు కనిపిస్తున్నాయి. చిన్నమ్మ గదంతా తిరిగి, గోడ మీద అరచెయ్యి పెట్టి కాపలా ఆయన్ను అడిగింది.

"దీనికి మేకు కొట్టొచ్చునా?"

"మీ ఇల్లమ్మా, మీ ఇష్టం" అన్నాడాయన.

ఆమె గోడ మీద నుంచి చెయ్యి తియ్యకుండా అట్లాగే నిలబడింది. నేను వసారాలోకి వెళ్ళిపోయాను.

ఒప్పుకుంటున్నానని అక్కడే సంతకం పెట్టింది. తాళాల కోసం వెళ్ళిన రోజున ఇంకో సంగతి చెప్పారు. కుప్పంలో నివాసమున్న వాళ్ళకు మొదట ఇవ్వాలట, మీది బయటి ఊరు అన్నారు. మరి పిలిచింది ఎవరు? జాబితా పిలిచింది. ఇవ్వనిది ఎవరు? ఊరు ఇవ్వలేదు. మూడూళ్ళకూ ఒకటే జాబితా అన్నారు కదా అంటే, జాబితా ఒకటేనమ్మా, రూల్సు వేరు అన్నారు. ఆ ఇల్లు ఇంకెవరికో వెళ్ళింది. వాళ్ళకూ అవసరమే ఉంటుంది, వాళ్ళ మీద నాకు కోపం లేదు.

కోపం ఆ తరువాత జరిగిన దాని మీద. మదనపల్లె తిరిగొచ్చి వరుస చూసుకుంటే ఆమె పేరు అట్టడుగున ఉంది.

"మీకు ఒకసారి ఇల్లు చూపించాం కదమ్మా. మీ అవకాశం వాడేసినట్టు సిస్టంలో చూపిస్తోంది."

"నేను వాడింది ఏముందప్పా, బస్సు టిక్కెట్టు తప్ప?"

ఇవ్వని ఇంటిని ఇచ్చినట్టు రాసుకున్నారు. దీన్ని ఏమనాలి? ఒక మనిషి చేస్తే మోసం అంటాం. కంప్యూటరు చేస్తే సిస్టం అంటున్నాం.

ఆమె ఊరుకోలేదు. సోమవారం అర్జీలు తీసుకునే రోజున ఉతికిన చీర కట్టుకుని వెళ్ళి కూర్చునేది. పక్కన కూర్చున్న ఆడవాళ్ళ సంగతులూ కనుక్కునేది. చదువు రాని వాళ్ళకు, "నోటితో చెప్తే గాలికి పోతాది, రాయించి ముద్ర వేయించుకో" అని నేర్పింది. నేను సెలవు పెట్టి వెళ్ళినప్పుడల్లా పెద్ద అధికారి మీటింగులోనే ఉండేవాడు. చివరికి ఒకాయన కాగితాలన్నీ చదివి, పొరపాటేనని ఒప్పుకుని, ఆమెను మళ్ళీ పాత వరుసలో పెట్టించాడు. ఆయన చేసింది మేలే. కానీ ఆ పొరపాటు దిద్దేలోపు ఖాళీ అయిన ఇళ్ళు ఖాళీ అయ్యాయి, నిండినవి నిండాయి. వాటిని ఎవరూ వెనక్కి ఇవ్వలేదు.

అప్పటికి ఆమెకు ఆయాసం మొదలైంది. ఓనరమ్మ ఒకటికి రెండుసార్లు వచ్చి, "ఒంటరిగా ఉండావు, ఏమన్నా అయితే మేమెట్లమ్మా" అని వెళ్ళింది. నేను పుంగనూరు వచ్చెయ్యమన్నాను. "నీదీ బాడుగే కదా, ఇద్దర్నీ లెయ్యమంటారు" అంది. చివరిసారి ఊపిరి అందనప్పుడు తనే ఆటో పిలిపించుకుని ఆస్పత్రిలో చేరింది. నేను వెళ్ళేసరికి మంచం మీద ఉంది. ఇంటికి వెళ్ళిపోదామంటే తల అడ్డంగా ఊపింది.

"వద్దు పాపా. పోయేదుంటే ఈడే పోతాను. ఆయమ్మ ఇంట్లో పోతే ఆయమ్మకు ఇబ్బంది."

ఇది గొప్ప త్యాగమని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఒక మనిషి తన చావుకు కూడా ఓనరు అనుమతి గురించి ఆలోచించేలా చేశాం మనం. ఇందులో మెచ్చుకోవలసింది ఏమీ లేదు.

కర్మాంతరాలు అయ్యాక మరణ ధ్రువపత్రం పట్టుకుని ఇళ్ళ ఆఫీసుకు వెళ్ళాను. ఎవరూ రమ్మనలేదు. వెళ్ళకపోతే, ఎప్పుడో ఆమె వంతు వచ్చినప్పుడు, పిలిచినా రాలేదని రాసుకుంటారు. ఆ మాట ఆమె పేరు మీద పడకూడదనుకున్నాను.

ఈసారి కంప్యూటరు ముందు ఒక చిన్నవయసు అమ్మాయి ఉంది. ఓపిగ్గా చూసింది. సారీ మేడం అంది. కీబోర్డు మీద ఏదో నొక్కింది.

"తీసేశాను మేడం. ఆమె కింద ఉన్న వాళ్ళంతా ఒక్కో నెంబరు పైకి వస్తారు."

నా వెనుక వరుసలో ఒకామె నిలబడి ఉంది. చంకలో పసిబిడ్డ. పెద్దతిప్పసముద్రం వైపు నుంచి వచ్చి మదనపల్లెలో కూలికి వెళుతోందట, వరుసలో ఉండగా చెప్పింది. ఆ మాట వినగానే గబగబా ఫోను తీసి తన నెంబరు చూసుకుంది. ఒక్క క్షణం ఆమె ముఖం విప్పారింది. తరువాత తలెత్తి నన్ను చూసింది.

"ఎవరమ్మా పోయింది?"

"మా చిన్నమ్మ."

ఆమె ఫోనును గుండెకు అదుముకుని, పైన కొంగు కప్పేసింది. పలచటి నూలు కొంగు అది. ఆ ఆఫీసు వసారాలో వెలుతురు తక్కువ. స్క్రీను వెలుగు కొంగులోంచి కాసేపు కనిపిస్తూనే ఉంది.