గూట్లో మిగిలిన రుమాలు

చిన్న హోటలు నడిపే ఓడిలమ్మ చేతి వంట తిన్నవాడికి ఇంకో వంట నచ్చదని ఫ్రాన్సులోని లియాన్ సందుల్లో చెప్పుకునేవాళ్ళు. ఆ నోళ్ళే ఆవిణ్ణి హంతకురాలన్నాయి. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఆ వీధి నోరు ఏనాడు మంచిది గనక!

ఎదురు హోటలు యజమాని అన్సెల్మ్ తన సెలవు రోజు, సోమవారం, ఓడిల్ దగ్గరే తినేవాడు. ఓ సోమవారం ఆవిడ కోడి కార్జాల వంటకం తిని ఇంటికెళ్ళాడు, సాయంత్రానికి పోయాడు. కడుపులో విషం ఉందన్నారు డాక్టర్లు. పోలీసులు ఆవిడ గిన్నెలన్నీ పట్టుకెళ్ళి, ఏమీ దొరక్క తిరిగిచ్చేశారు. అయినా వీధి ఊరుకుంటుందా?

ఓడిల్ హోటల్లో గోడకి చెక్క గూళ్ళుంటాయి. రోజూ వచ్చేవాళ్ళు తినేప్పుడు మూతి తుడుచుకునే రుమాళ్ళు ఎవరివి వాళ్ళ గూట్లో. పక్కవాడి గూట్లో చెయ్యి పెట్టడం దొంగతనంకన్నా తప్పు అక్కడ. రుమాలు పట్టుకుపోయాడంటే ఇక ఆ గడప తొక్కడనే అర్థం. ఒక్కొక్కరే వచ్చి, ఆవిడ మొహం చూడకుండా, తమ రుమాలు తీసుకుపోయారు. చివరికి రెండే మిగిలాయి. చచ్చిపోయిన అన్సెల్మ్‌ది, వీధి చివర హోటలు నడిపే ఫ్లూరీది.

ఫ్లూరీ మాత్రం రోజూ మధ్యాహ్నం వచ్చి, పెట్టింది తిని, రొట్టెముక్కతో పళ్ళెం తుడుచుకుని వెళ్ళేవాడు. ఆ ఒక్క మనిషి కోసమే ఓడిల్ పొద్దున్నే లేచి పొయ్యి వెలిగించేది. మిగతా రోజంతా గిన్నెలతో మాట్లాడుకునేది, పాపం.

ఓ రోజు రొట్టెల కొట్టు జెలీ దెప్పింది. "అందరికీ ప్రాణభయమేనమ్మా. ఆ ఫ్లూరీకి లేదేం? ఈ వయసులో నీమీద మనసు పడ్డాడా ఏం?"

ఓడిల్ నవ్వేసింది. ఇంటికొచ్చేసరికి ఆ నవ్వు పోయింది. తన వంటలో విషం లేదని తనకి తెలుసు. ఫ్లూరీకెలా తెలుసు?

ఫ్లూరీ వడ్డించే చేప ఉండలు డబ్బాల్లోవని అన్సెల్మ్ నలుగురిలో పరువు తీసిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. ఆ తర్వాత రాజీ అంటూ ఫ్లూరీయే అతనికి చేదు మొక్కల వేళ్ళతో ఇంట్లో కాచిన సారా సీసా ఒకటిచ్చాడు. ఆ సోమవారం ఇక్కడ భోజనమయ్యాక అన్సెల్మ్ తాగింది అదే. దుఃఖంతో ఇన్నాళ్ళూ ముట్టుకోని అతని రుమాలు ఓడిల్ ఇప్పుడు గూట్లోంచి తీసింది. వెనకాల అతను దాచుకున్న ఆ సీసా ఉంది, సగం.

మర్నాడు కార్జాలే వండింది.

"ధైర్యంగా తింటావా, ఫ్లూరీ?"

"తినకేం, ఓడిలమ్మా? నీ చేత్తో విషం పెట్టినా అమృతమే."

పళ్ళెం ఖాళీ అయ్యాక ఆవిడ సీసా తెచ్చి రెండు గ్లాసుల్లో పోసింది. "అన్సెల్మ్ పేరు చెప్పుకుని ఒక గుక్క."

ఫ్లూరీ సీసా వంక చూశాడు. "కడుపులో చోటు లేదు."

"సరేలే. నేనొక్కదాన్నే తాగుతాను."

గ్లాసు పెదాల దాకా తెచ్చి ఆగింది. తాగొద్దు అంటాడేమోనని చూసింది. ఆ ఒక్క మాట అంటే చాలు, ఏమో, సీసా తూములో పారబోసి ఊరుకునేదేమో. అంత ఒంటరిది మరి. ఫ్లూరీ తలెత్తలేదు. తుడిచిన పళ్ళేన్నే మళ్ళీ రొట్టెతో తుడుస్తున్నాడు.

ఓడిల్ గ్లాసు దించింది. అన్సెల్మ్ పోయినప్పుడు కూడా ఆవిడకి ఇంత ఏడుపు రాలేదు.

"నీ రుమాలు తీసుకెళ్ళు, ఫ్లూరీ," అంది. అతను వెళ్ళాక పోలీసులకి ఫోను చేసింది.

ఆ సీసాలోదే విషమని తేలి ఫ్లూరీని పట్టుకెళ్ళాక వీధంతా రుమాళ్ళు పట్టుకుని తిరిగొచ్చింది, సిగ్గులేని వీధి. ఓడిల్ అన్నీ ఉతికి గూళ్ళలో సర్దింది. కానీ మధ్యాహ్నం తలుపు చప్పుడైతే మాత్రం ఆవిడ చెయ్యి ముందు ఫ్లూరీ పళ్ళెం మీదికే పోయేది, పాడు చెయ్యి.