పెన్నేటి లెక్కన సముద్రం

మా ప్రొద్దుటూరు హోటళ్ళలో కాఫీ అడిగితే ముక్కాలు గ్లాసు నురగే ఇస్తారు. చెప్పవచ్చింది అది కాదు గానీ, చెప్పుకోవడానికి ఇంకెక్కడా చోటు దొరకలేదు.

బి.ఏ. పూర్తయిన ఏడాది, జమ్మలమడుగు మిత్రుడు నారాయణతో భీమిలి వెళ్ళాను. అక్కడి పాత దీపస్తంభం మీదుగా రాత్రి చుక్కలు తిరిగే తీరును ఫోటో తీయాలని కోరిక. స్టాండు మీద కెమెరా నిలిపి, రెండు గంటలు షట్టర్ తెరిచి ఉంచాలి. కెమెరా మా మామది. ఆయన స్టూడియోకు ఉన్నది అదొక్కటే. నాలుగు రోజుల్లో పెళ్ళి ఫోటోలున్నాయి.

ఇసుకలో స్టాండు పాతాం.

"నీళ్ళు శానా దూరముండాయి. రాప్పా, పండుకుందాం" అన్నాడు నారాయణ.

మా పెన్నేట్లో నీళ్ళకోసం మనమే వెదుక్కుంటూ పోవాలి. అవి మన దగ్గరకు రావు. అందువల్ల నాకూ ఆ మాట సబబుగానే తోచింది.

కాళ్ళు తడిసి మెలకువ వచ్చింది. స్టాండు ఉన్నచోట అలలున్నాయి. కెమెరా లేదు.

"మీ మామకు ఏం జెప్తావప్పా?" అన్నాడు నారాయణ.

ఈతరాని నేను మోకాలిలోతు నీళ్ళలో ఇసుక తడుముతుంటే వెనక ఎవరో దగ్గారు. గట్టున ఒక ముసలి జాలరి, స్టాండుతో సహా కెమెరాను భుజాన పెట్టుకుని నిలబడి ఉన్నాడు. చుక్కలు తీయబోయిన ఆ కెమెరాకు ఒక్క నీటిచుక్క కూడా తగల్లేదు.

ఫోటో పోతే పోయింది, మామ తీయాల్సిన పెళ్ళిళ్ళు గట్టెక్కాయి. అంత హాయిగా నేను ఊపిరి పీల్చిన రోజు మరొకటి లేదు. దండం పెట్టాను. ఆయన మా ఇద్దరినీ ఎగాదిగా చూశాడు.

"సంద్రం కూడా మీతోపాటు తొంగుంటాదనుకున్నారేటి బాబూ?"