వడ్లబుట్టలో జీన్స్

నిన్న కొత్తపేట దగ్గర ఎండబోసిన వడ్ల వాసనకి మా మామ్మ గుర్తొచ్చింది.

చేను మునిగినా పైరు కుళ్ళని పాతరకం వరి విత్తనం అప్పట్లో మా ఊళ్ళో ఆవిడ దగ్గరే మిగిలింది. ఒకరోజు పరిశోధన కేంద్రం నుంచి శాస్త్రవేత్త ఒకాయన వచ్చారు.

"వీటిలో మంచి జీన్స్ ఉన్నాయండి. కొంచెం ఇస్తే దాచిపెడతాం" అన్నారు.

ఎంత ఏడ్చినా నాన్న కొనని ప్యాంటు మా వడ్లబుట్టలోనే ఉందా! భుజం దాకా చెయ్యి పెట్టి వెతికాను. దొరక్కపోయేసరికి ఆయన సంచి పట్టుకుని వేలాడాను.

"మామ్మా, నా జీన్స్ పట్టుకెళ్ళిపోతున్నారు!"

ఆయన నవ్వాపుకుంటూ, "అవి బట్టలు కావమ్మా, పెద్దల నుంచి పిల్లలకొచ్చే గుణాలు" అన్నారు.

"ఆయ్, అలా చెప్పండి! దీని మొండితనం నాదేనండి" అంటూ మామ్మ దోసిలి నిండా వడ్లు పోసింది.

మరుసటేడు వరద ఇంట్లోకొచ్చి బుట్టలో దాచిన మా విత్తనం మొలకలెత్తి పాడైతే, ఆయన దాచిన గింజలతోనే మళ్ళీ నారు పోశాం. మామ్మకి ఒక్క మాటలో అర్థమైన ఆ పాఠం నా బుర్రకెక్కడానికి ఎమ్మెస్సీ దాకా పట్టింది.