తాతయ్య కట్టనన్న కట్టు

నా చిన్నప్పుడు ఒడిశా తీరంలోని రామయ్యపట్నంలో ఎవరి ఎముక విరిగినా మా తాతయ్య దగ్గరికే తెచ్చేవారు. వెదురు బద్దలు పెట్టి ఆయన కట్టు కడితే అతుక్కుపోతుందని ఊరందరికీ నమ్మకం. ఆయన మనవరాలినని బడిలో నేనూ కాస్త గర్వంగానే తిరిగేదాన్ని.

తొమ్మిదో తరగతిలో ఉండగా ఒక పొద్దున, ఒడ్డుకు లాగుతున్న తెప్ప జారి నా కాలి మీద పడింది. మోకాలికి కాస్త కింద ఎముక విరిగింది. తాతయ్య వచ్చి, ఇసుకలో కూర్చుని, మోకాలి చుట్టూ వేళ్లతో తడిమి చూశారు. చుట్టూ జనం మూగారు. చివరికి ఆయన తలెత్తకుండానే అన్నారు.

"ఇది నా సేతిలో పని కాదు. బరంపురం తీసుకెల్లాల."

ఎవరో నవ్వారు. సొంత మనవరాలికే కట్టలేడా అన్నట్టు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నొప్పి కన్నా ఆ నవ్వుకే నా ముఖం మండిపోయింది. మీరే కట్టేయండని ఏడుస్తూ బతిమాలాను. ఆయన వినలేదు. కాలు కదలకుండా దిండ్లు ఆనించి జీపు ఎక్కించారు.

బరంపురంలో ఆపరేషన్ చేసి, ఎముకకు ప్లేటు పెట్టి స్క్రూలు బిగించారు. తర్వాత తాతయ్య డాక్టరుగారిని ఒడియాలో అడిగారు, తాను బద్దకట్టు కట్టి ఉంటే ఏమయ్యేదని. ఆయన ఎక్స్‌రేని వెలుతురుకు పెట్టి చూపించారు. పగులు కీలు లోపలికి పాకిందనీ, ఎముక పైభాగం ఒక పక్క కుంగిపోయిందనీ, దాన్ని లేపి సమంగా నిలపకపోతే మోకాలు సరిగా వంగేది కాదనీ చెప్పారు. తాతయ్య ఆ రోజు అన్నం ముట్టలేదు.

నేను చంకకర్రలతో నడవగలిగాక, ఒక సాయంత్రం నన్ను పక్కింటికి తీసుకెళ్లారు. అక్కడ నాకు వరసకు మామయ్య అయ్యే ఆయన ఒక కాలు చాపుకుని వల బాగుచేసుకుంటున్నాడు. ఆ కాలు ఎన్నో ఏళ్లుగా వంగదు. సముద్రానికి వెళ్లడం కూడా మానేశాడు. అది తాతయ్య కట్టిన కాలే. తాతయ్య మంచం మీద కూర్చోకుండా మామయ్య ఎదురుగా నేల మీద కూర్చున్నారు.

"నీ కాలు తడిమినప్పుడే అనుమానమొచ్చిందిరా, లోపల ఇరిగిందేమోనని. నాకు తెలీదని నలుగురిలో సెప్పడానికి సిగ్గేసింది. కట్టేసాను."

మామయ్య చేతులు ఆగిపోయాయి. "ఊరుకో సిన్నాన్నా, అప్పుడు మాకింకెవులున్నారు" అన్నాడు మెల్లగా. కానీ తాతయ్య వైపు చూడలేదు. వంట చేస్తున్న అత్తయ్య గుమ్మంలోకి వచ్చి నిలబడింది. వాళ్ల ముందు నా మోకాలు వంచడానికి సిగ్గేసి, నేనూ కాలు చాపుకునే కూర్చున్నాను.

తర్వాత నేను టీచరునయ్యాను. పిల్లలు అడిగింది నాకు తెలియనప్పుడల్లా చెవులు వేడెక్కేవి. ఇప్పుడు మనవలు అడిగినా అంతే. ఆ సిగ్గు నన్ను వదల్లేదు. అది తగ్గేదాకా ఆగకుండా, తెలీదనే చెబుతాను.